తిరగేసిన పేరుబండ

కోయిలకుంట్ల బజారులో రామలింగప్ప తన నూలు రంగుల అంగడి తలుపు తీశాక ముందుగా దేవుడికి దండం పెట్టడు. తక్కెడ తుడుస్తాడు. ఖాళీ సిబ్బెలు రెండూ సమంగా నిలిచాయని చూసుకున్నాకే అగరువత్తి వెలిగిస్తాడు. "దేవుడైతే గడియసేపు ఆగుతాడప్పా, తక్కెడ తప్పు తూగితే గిరాకీ ఆగదు" అంటాడు. మనుషులను కూడా ఆయన సరుకును చూసినట్టే చూస్తాడు. భార్య సుంకమ్మ ఎన్నేళ్ళు నిలవున్నా పురుగు పట్టని సరుకు. తల్లి చౌడమ్మ ఘాటు మిరపకాయ, కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది గానీ ఆమె లేకపోతే ఇంట్లో కూరకు రుచి లేదు. కడపలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న బావమరిది దేవేంద్రప్ప పెద్ద మూట, విప్పితే సగం గడ్డి.

కొడుకు ఉరుకుందప్ప ఒక్కడికే ఆయన ఇంకా వెల కట్టలేదు.

అది పంతొమ్మిది వందల నలభై, జూన్ నెల. అనంతపురంలో ఇంటరు మొదటి తరగతిలో పాసై వచ్చిన ఉరుకుందప్పకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మద్రాసు, రెండోది వాల్తేరు. మద్రాసు యూనివర్సిటీ తాతల కాలం నాటిది. చుట్టుపక్కల తాసిల్దార్లు, మునసబులు, వకీళ్ళు అందరూ అక్కడ చదివి వచ్చినవాళ్ళే. వాల్తేరుది నిన్నగాక మొన్న పెట్టింది. అసలు ఆ ఊరు ఎటువైపు ఉందో కోయిలకుంట్లలో చెప్పగలిగినవాళ్ళే తక్కువ. రామలింగప్పకు ఇందులో ఆలోచించాల్సిందేమీ కనిపించలేదు. మరునాడు పొద్దున్నే బస్సులో నంద్యాల, అక్కడినుంచి రైల్లో మద్రాసు. ట్రంకుపెట్టె సర్దడం కూడా అయిపోయింది.

ఆ ఉదయం అంగడి వెనకే ఉన్న ఇంటి నడవలో సుంకమ్మ మగవాళ్ళకు ఉగ్గాని వడ్డిస్తోంది. మేనల్లుడిని సాగనంపడానికి దేవేంద్రప్ప ముందురోజే కడప నుంచి దిగాడు. వంటింటి గడప దగ్గర చౌడమ్మ కుండలోని కందిపప్పును తెడ్డుతో పొడుస్తూ తిడుతోంది.

"కోడి కూయకముందు పెడితి పొయ్యి మీద. ఇంగా గులకరాళ్ళ మాదిరే ఉండాది. ఇవి నీళ్ళా, సున్నమా? ఈ బాయి నీళ్ళు తాగీతాగీ నా కడుపులో గచ్చు కట్టింటాది!"

"నీ మనవడికి ఇంగ ఆ బాధ లేదులే అత్తా," అన్నాడు దేవేంద్రప్ప. "మద్రాసులో కొళాయి నీళ్ళు తాగినాక మీ నీళ్ళతో కాళ్ళు గూడా కడుక్కోడు."

"అట్లైతే రానే వద్దను. కాళ్ళు కడుక్కోనోన్ని నేను ఇంట్లోకి రానియ్యను."

అందరూ నవ్వారు. ఉరుకుందప్ప మాత్రం నవ్వలేదు. అప్పుడే వాకిట్లో ఎద్దులబండి ఆగిన చప్పుడైంది.

రాతి గనుల ఊరు బేతంచెర్ల నుంచి బండ వచ్చింది. అద్దంలా నున్నగా తీర్చిన నల్లటి బండ, మనిషి పడుకునేంత పొడవు. నలుగురు మనుషులు ఊపిరి బిగబట్టి దించి గోడకు ఆనించారు. దాని మీద లోతుగా చెక్కిన అక్షరాలు: శ్రీ ఉరుకుందప్ప, బి.ఎ., మద్రాసు. ఇంటి గుమ్మం మీద పెట్టించడానికి దేవేంద్రప్ప ఇచ్చిన సలహా అది. రామలింగప్ప ఆ అక్షరాల మీద అరచేయి ఆనించి, పట్టుచీర అంచు తడిమినట్టు తడిమాడు.

"ఏం రాసినారురా దాని మీద?" అంది చదువురాని చౌడమ్మ.

ఉరుకుందప్ప కూర్చున్నచోటునుంచే చదివి వినిపించాడు. ముసలామె బుగ్గ నొక్కుకుంది. "ఇంగా రైలే ఎక్కలేదు, అప్పుడే పాసైపోతివా నాయనా? శానా తెలివైనోనివి!"

ఉరుకుందప్ప విస్తరి ముందునుంచి లేచాడు. చేయి కడుక్కుని వచ్చి తండ్రి ఎదుట నిలబడ్డాడు.

"నాయనా, నేను వాల్తేరు పోతా."

సుంకమ్మ చేతిలో గరిట అట్లాగే ఉండిపోయింది.

"యాడికీ?" అన్నాడు రామలింగప్ప, వినపడినా వినపడనట్టు.

"వాల్తేరుకు. ఆడ రంగుల చదువు ఉండాది. రంగు ఎట్ల పుడతాది, నూలును ఎట్ల పట్టుకుంటాది, ఏంటికి వదిలేస్తాది, అదంతా చెప్తారు. మద్రాసులో నాకు వచ్చింది బి.ఎ. సీటు. యుద్ధం మొదలైనకాన్నుంచి జర్మనీ రంగులు రాక మన అంగట్లో సగం అరలు ఖాళీగా ఉండాయి గదా నాయనా. ఎవరో చేసి పంపితే అమ్ముకోవడమేనా, మనం చేసుకోవద్దా?"

దేవేంద్రప్ప గొంతు సవరించుకున్నాడు. "అల్లుడా, నేను కచేరీలో తిరిగేవాన్ని, నా మాట విను. మద్రాసు బి.ఎ. అంటే కుర్చీ లాగి కూర్చోమంటారు. వాల్తేరు అంటే 'అదేడుందప్పా' అని గోడ మీద మ్యాపు చూస్తారు. వాళ్ళు మ్యాపులో ఎతికేలోపల ఉద్యోగం ఇంగోడు ఎత్తుకపోతాడు."

"నాకు ఉద్యోగం వద్దు మామా."

"ఉద్యోగం వద్దా!" రామలింగప్ప గొంతు లేచింది. "నేను నీకు అర్థమయ్యేటట్ల చెప్తా. అంగట్లో గుర్రం మార్కు డబ్బా ఉండాది, పేరులేని పొట్లం ఉండాది. గిరాకీ దేని మీద చెయ్యి పెడతాడు? మద్రాసు గుర్రం మార్కు. వాల్తేరు పొట్లం. పొట్లంలో ఏముండాదో ఎవరికి తెలుసు?"

"డబ్బాలో ఏముండాదో మాత్రం ఎవరు చూసినారు నాయనా?"

రామలింగప్ప రెండు చేతులూ చాచి కొడుకు ముఖం ముందు పెట్టాడు. వేళ్ళ సందుల్లో ఎరుపు, గోళ్ళ మొదట్లో నీలం. ఎంత తోమినా పోని రంగులు.

"ఈ చేతులు చూడు. మా నాయన చేతులూ ఇట్లే ఉండె. నీకు నాలుగేళ్ళప్పుడు కడపలో ఒక ఆఫీసుకు పోయినా. కాగితం మీద సంతకం పెడతానని చెయ్యి చాపితే, ఆడున్న గుమాస్తా పెన్ను వెనక్కి తీసుకున్యాడు. 'కాగితం పాడైతాది, నువ్వు యేలిముద్ర ఎయ్యప్పా' అన్యాడు. నాకు చదవను రాయను వచ్చు. అయినా నలుగురి ముందర నాతో యేలిముద్ర ఏయించినాడు." ఆయన చేతులు దించాడు. "నా కొడుకు చేతులు తెల్లగా ఉండాలని ఆపొద్దే అనుకుంటి. నువ్వేమో చదువుకొని మల్లా ఇదే బానలో చెయ్యి పెడతానంటాండావు."

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. సుంకమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంతలో వీధిలోనుంచి ఆడగొంతు ఒకటి ఇల్లంతా వినబడేట్టు పిలిచింది. "రామలింగప్పా! ఓ రామలింగప్పా! బయటికి రాప్పా, నీ ఎరుపు వచ్చుండాది చూడు!"

సాలెవీధి గిడ్డమ్మ. ఊళ్ళో ఆమె మగ్గం మీద దిగిన ఎర్రచీరకు మైదుకూరు దాకా పేరు. వెనకాలే ఆమె మొగుడు గోపన్న, ఇంకా నలుగురైదుగురు నేతగాళ్ళు. గిడ్డమ్మ చంకలోని మూట వాకిట్లోనే విప్పింది. ఎర్రచీర, దాని పక్కన ఒక పంచ. పంచ ఒకప్పుడు తెల్లనిది.

"మైదుకూరు పెండ్లికి నేసిచ్చిన చీర ఇది. మంగళస్నానం చేసి పెండ్లికూతురు తడి ఒంటితో కట్టుకున్యాది. కొంగుముడి ఏసినారు. అంతే! వసంతాలు ఆడకముందే పెండ్లికొడుకు ఎర్రకోతి అయినాడంట. మగపెండ్లోళ్ళు ఒకటే నవ్వు. ఆ పిల్ల పీటల మీదనే ఏడ్చిందంటప్పా. చీర నా మొగాన కొట్టిపోయినారు. నీ రంగేనా ఇది?"

రామలింగప్ప చీర కొంగు చేతిలోకి తీసుకుని చూశాడు. రంగు తనదే. నెల కిందట మద్రాసు నుంచి వచ్చిన గుర్రం మార్కు ఎరుపు.

ఆ అంగడికి ఒక కట్టుబాటు ఉంది. రామలింగప్ప తండ్రి పెట్టింది. ఏ రంగు వచ్చినా ముందు ఒక చిలపను, అంటే చిన్న నూలు కట్టను, అందులో ముంచి ఆరబెట్టి, చాకలి పుల్లన్నకు ఇవ్వాలి. పుల్లన్న దాన్ని తెల్లగుడ్డతో కలిపి కట్టి, చవుడు నీళ్ళ ఆవిరిలో ఉబ్బకు వేసి, బండకు బాది తెస్తాడు. తెల్లగుడ్డ తెల్లగా వస్తేనే మిగతా డబ్బాల మూత తీయాలి. జర్మనీ నుంచి నేరుగా వచ్చిన సరుకునైనా ఆ ముసలాయన ఉబ్బకు వేయకుండా అమ్మలేదు. ఈసారి మాత్రం పెళ్ళిళ్ళ గిరాకీ ముంచుకొచ్చింది, నెలల తరబడి ఖాళీగా ఉన్న అర కళ్ళముందు కనబడుతోంది. డబ్బా మీద గుర్రం బొమ్మ నిగనిగలాడింది. "ఉబ్బకు ఏయలేదే నాయనా?" అని ఉరుకుందప్ప ఆ రోజు అడిగితే, "గుర్రం మార్కుకు ఉబ్బేందిరా, నవ్విపోతారు" అని తానే మూత తీశాడు.

ఇప్పుడు నోటి మాటతో తప్పించుకునే మనిషి కాదు ఆయన. "పుల్లన్నను పిల్చండి" అన్నాడు. మిగిలిన డబ్బాల్లో ఒకటి అందరి ఎదుటా తెరిచి, చిలప ముంచి ఎండలో ఆరవేసి పుల్లన్న చేతికిచ్చాడు. మధ్యాహ్నం ఎండ మండుతున్నా నేతగాళ్ళు ఎవరూ కదల్లేదు. చౌడమ్మ వాళ్ళకు మజ్జిగ పోసింది. పొద్దు వాలకముందే పుల్లన్న తిరిగొచ్చి తడిమూట విప్పాడు. చిలప వెలిసిన ఇటుకలా ఉంది. తెల్లగుడ్డ గిడ్డమ్మ తెచ్చిన పంచలాగే ఎర్రబారింది.

"ఇది గుర్రం కాదు రెడ్డీ, గాడిద," అన్నాడు పుల్లన్న. ఎవరికి మర్యాద ఇచ్చినా రెడ్డీ అనడం అతని అలవాటు. "ఎవరో ఖాళీ డబ్బాలు సంపాదించి యాడిదో పొడి నింపినారు. బండకు రెండు దెబ్బలు ఏస్తానే నీళ్ళన్నీ నెత్తురు. అన్నట్టు నా బండ గూడా ఈపొద్దే పగిలె."

దేవేంద్రప్ప బావ పక్షాన అడ్డం వచ్చాడు. "ఇందులో మా బావ తప్పేముండాది? డబ్బా మీద గుర్రం బొమ్మ ఉండాది గదా! పేరు చూసి కొన్యాడు. ఎవరైనా అట్లే కొంటారు."

ఆ మాట రామలింగప్ప చెవిలో పడి అక్కడే ఆగింది. ఆయన తల తిప్పి గోడకు ఆనించిన బండ వైపు చూశాడు. సాయంత్రపు ఎండలో "మద్రాసు" అన్న అక్షరాలు నిగనిగలాడుతున్నాయి, అచ్చం ఆ డబ్బా మీది గుర్రంలాగే.

"అదే తప్పు దేవేంద్రా," అన్నాడు మెల్లగా. తర్వాత నేతగాళ్ళ వైపు తిరిగాడు. "ఈ రంగు ఏసిన ప్రతి చీరా తెండి. దానికి సరిపడా నూలు నేనిస్తా, కూలి కూడా ఇస్తా. ఆ పెండ్లికూతురికి నా ఇంటినుంచి పట్టుచీర పోతాది. గోపన్నా, మగపెండ్లోళ్ళకు ఏం చెప్పాలో నేనే మైదుకూరు పోయి చెప్తా."

గిడ్డమ్మ కోపం సగంలోనే ఆగిపోయింది. "నువ్వు పోవాల్నా ఏందిప్పా, మాట చెప్తివి, చాల్లే" అని గొణిగి మూట కట్టుకుంది.

ఉరుకుందప్ప అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుని మిగిలిన డబ్బాలన్నీ వాకిట్లోకి మోసి వరుసగా పెడుతున్నాడు. పని ముగించి తండ్రి దగ్గరికి వచ్చాడు. "నాయనా, రేపు నేను పోను. ఈ చీరలన్నీ వచ్చేదాకా ఈడనే ఉంటా. అయినంక మద్రాసే పోతాలే. నువ్వు చెప్పిన ఆ ఆఫీసు మాట విన్నాక నాకు ఇంగేమీ వద్దు."

కొడుకు లొంగిపోవడం తండ్రికి సంతోషమవుతుందని అందరూ అనుకున్నారు. రామలింగప్ప మాత్రం కొడుకును ఎగాదిగా చూసి, పుల్లన్నను కేకేశాడు.

"పుల్లన్నా, నీ బండ పగిలిందంటివే? ఈ బేతంచెర్ల బండ ఎట్లుంటాది?"

పుల్లన్న నోరు తెరిచాడు. "ఇదా? దీని మీద అచ్చరాలుండాయి గదా రెడ్డీ!"

"తిరగేసి ఎయ్యి. అచ్చరాలు కిందికి పోతాయి. నీ రేవులో కాదు, మన పెరట్లోనే, బాయి పక్కన. ఇంగమీదట ఈ అంగట్లో అమ్మే ప్రతి రంగూ ఆ బండ మీద దెబ్బ తినాల్సిందే."

"బావా! నీకేమన్నా మతి పోయిందా!" దేవేంద్రప్ప కేక పెట్టాడు. "ఎన్ని దినాలు చెక్కినారో దాన్ని! మద్రాసు సీటు కాదంటే నలుగురూ నవ్వుతారు!"

"మద్రాసు గొప్పది కాదని నేనన్యానా? గొప్పదే. కానీ వీనికి కావల్సిన సరుకు ఆడ లేదు. వాల్తేరు మంచిదని గూడా నేననను, నాకు తెలీదు. అందుకే వీన్ని ఉబ్బకు ఏస్తాండా." రామలింగప్ప కొడుకు భుజం మీద చేయి వేశాడు. "పోరా. ఆడ ఉడికి రా. రంగు నిలిచిందా, వాల్తేరు గొప్ప, నువ్వూ గొప్ప. వెలిసిందా, మీ మామతో నేను మాట పడతా."

ఉరుకుందప్ప తండ్రి రెండు చేతులూ పట్టుకుని చూశాడు. ఆ ఎరుపులో ఆ నీలంలో తన అనంతపురం హాస్టలు, తన పుస్తకాలు, తన చొక్కా అన్నీ కనిపించాయి. "నా చేతులు గూడా ఇట్లే అయితాయి నాయనా. నీకు పర్వాలేదా?"

"కానియ్యి. కాకపోతే అది నువ్వు చేసిన రంగై ఉండాల."

కొడుకు తండ్రి అరచేతుల్లో ముఖం దాచుకున్నాడు. చౌడమ్మ వంటింట్లోనుంచి గట్టిగా అంది: "ఏడుపులు అయినంక అన్నానికి రాండి. పప్పు ఇప్పుడు ఉడికింది!"

మరునాడు నంద్యాల స్టేషన్లో ఒకవైపు మద్రాసు దారిలో గుంతకల్లు పోయే బండి, రెండోవైపు బెజవాడ పోయే బండి ఆగి ఉన్నాయి. రామలింగప్పే టిక్కెట్టు కిటికీ దగ్గర నిలబడ్డాడు. "వాల్తేరుకు ఒకటి" అని, లోపలివాడు అడగకపోయినా "మావాడు చదువుకు పోతాండాడు" అని చేర్చాడు.

మూడేళ్ళు గడిచాయి. ఉరుకుందప్ప మంచి మార్కులతో పాసై, ఒక పెట్టెనిండా సీసాలతో తిరిగొచ్చాడు. యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. డబ్బా రంగు దేశంలో ఎక్కడా దొరకడం లేదు. అతను నల్లమల నుంచి కరక్కాయలు తెప్పించాడు, కోస్తా నుంచి ఎర్రరంగు దిగే చిరివేరు తెప్పించాడు, పటిక తెచ్చాడు. పెరట్లో పెద్ద బాన పెట్టి రోజుల తరబడి వండాడు, పారబోశాడు, మళ్ళీ వండాడు. చౌడమ్మ మంచం మీదినుంచి చూసి నవ్వింది.

"దీనికోసమా రైలెక్కింది? మా అత్త ఈ చిరివేరే ఉడకేస్తాండె!"

"నిజమే అవ్వా. మీ అత్త వండితే ఒకనాడు ఎరుపు, ఒకనాడు ఇటుక. ఎందుకో ఆమెకూ తెలీదు. నేను ఎన్నిసార్లు వండినా ఒకటే ఎరుపు రావాల." అతను బావినుంచి కడవ చేది బానలో పోశాడు. "వాల్తేరులో శుభ్రమైన నీళ్ళతో వండితే ఈ రంగు పాలిపోయింది అవ్వా. ఏంటికా అని ఎతికితే తేలింది. చిరివేరు ఎరుపుకు నీళ్ళలో సున్నం కావాల. సున్నమే దాన్ని నూలుకు కరిపిస్తాది. నువ్వు నా చిన్నప్పట్నుంచీ తిడతాండావే, ఈ నీళ్ళే మన రంగుకు ప్రాణం!"

చౌడమ్మ బావి వైపు చూసింది. "అయితే ఇంగ తిట్టనులే. పప్పుకు మాత్రం చెరువు నీళ్ళు తెప్పియ్యి."

ఆ ఎరుపుతో గిడ్డమ్మ మొదటి చీర నేసింది. సాలెవీధి అంతా పెరట్లో గుమికూడింది. పుల్లన్న చీరను తెల్లపంచతో కలిపి ఉబ్బకు వేశాడు. తీసి, తిరగేసిన బేతంచెర్ల బండ మీద చేతులు నొప్పెట్టేదాకా బాదాడు. చివరికి పిండి విదిలించాడు. చీర దానిమ్మపువ్వులా మెరిసింది. పంచ మల్లెపువ్వులా వచ్చింది. బండ మీదినుంచి కారిన నీళ్ళలో గోపన్న చేయి పెట్టి చూశాడు, రంగు లేదు.

"ఇంగోసారి బాదు పుల్లన్నా!" అని గిడ్డమ్మ అరిచింది. పుల్లన్న చీరను ఆమె చేతిలో పెట్టి, "నువ్వే బాదుకో తల్లీ, నా ప్రాణం పోయింది" అన్నాడు. పెరడంతా నవ్వులతో నిండిపోయింది. సుంకమ్మ కొడుకుకు దిష్టి తీసింది. కడప నుంచి వచ్చిన దేవేంద్రప్ప మాత్రం బావను పక్కకు తీసుకెళ్ళి, "మా చిన్నోడు గూడా ఈ ఏడు ఇంటరు పాసైనాడు. వాల్తేరులో ఎవరికి రాయాలో అల్లుని అడుగు బావా" అన్నాడు. రామలింగప్ప నవ్వు ఆపుకుని, "మ్యాపులో యాడుందో ముందు చూసుకోప్పా" అన్నాడు.

ఆ చలికాలంలో కడప నేతగాళ్ళ సంఘం వాళ్ళు కోయిలకుంట్ల ఎరుపే కావాలని కబురు పెట్టారు. ఒప్పందం రాసుకోవడానికి తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళారు. కాగితాలు ముందుకు తోసిన గుమాస్తా కుర్రవాడు. అతని చూపు రామలింగప్ప వేళ్ళ మీద పడింది. ఆ రోజు తెల్లవారుజామున బాన దించి వచ్చిన చేయి, మణికట్టు దాకా ఎర్రగా ఉంది. అతని చేతిలోని పెన్ను కాస్త తటపటాయించింది.

రామలింగప్ప చేయి చాపి ఆ పెన్ను తీసుకున్నాడు. తెల్లటి కాగితం మీద అరచేయి పూర్తిగా ఆనించి, తొందరేమీ లేకుండా, పేరులోని ప్రతి అక్షరమూ రాశాడు. తర్వాత చేయి తీసి కాగితాన్ని గుమాస్తా వైపు తిప్పాడు. సంతకం తప్ప మరో మచ్చ లేదు.

"భయపడాకు నాయనా, అంటుకోదు," అన్నాడు. "ఇది మావాని రంగు."